కరీబియన్ క్రూయిజ్‌లో ఓడ దిగి బీచ్‌కు వెళ్లి, వేళకు తిరిగి రావడం ఎలా?

కరీబియన్ క్రూయిజ్‌కు టికెట్ తీసుకున్నవారు ముందుగా చూసుకునేది రేవుల పట్టిక. అందులో "కొజుమెల్, ఉదయం 8 నుంచి సాయంత్రం 5" అని ఒక వరుస ఉంటుంది (కొజుమెల్ మెక్సికోకు చెందిన దీవి). అది చూసి తొమ్మిది గంటలు బీచ్‌లో గడపవచ్చని అనుకోవడం సహజమే గాని, ఆ లెక్క నిలవదు. ఓడ రేవుకు ఆనిన తరువాత స్థానిక అధికారులు అనుమతి ఇచ్చేదాకా ఎవరినీ దిగనివ్వరు. అనుమతి వచ్చిన వెంటనే వేల మంది ఒకటి రెండు ద్వారాల వైపే కదులుతారు. దిగాక రేవు పొడవునా నడవాలి, దుకాణాల వరుస దాటాలి, టాక్సీ కోసం నిలబడాలి, ఆ తరువాతే ప్రయాణం. సాయంత్రం ఓడ కదలడానికి కనీసం అరగంట ముందు, కొన్ని ఓడల్లో గంట ముందు, ప్రయాణికులందరూ లోపల ఉండాలి. ఇవన్నీ పోగా ఇసుక మీద మిగిలేది నాలుగున్నర గంటలు, మహా అయితే ఐదు. ఏ బీచ్‌కు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, వెంట ఏం తీసుకెళ్లాలి అన్నవన్నీ ఆ నాలుగున్నర గంటలను దృష్టిలో పెట్టుకునే తేల్చుకోవాలి.

## లెక్క సాయంత్రం నుంచి వెనక్కి

ఓడ 5 గంటలకు కదులుతుందని, 4:30కి అందరూ ఎక్కి ఉండాలని అనుకుందాం. రేవు గేటు దగ్గరికి 3:30కల్లా చేరాలని నిర్ణయించుకుంటే ఒక గంట చేతిలో ఉంటుంది. బీచ్ నుంచి రేవుకు టాక్సీలో 25 నిమిషాలు పడుతుందంటే, అదే రోజు ఇంకో రెండు మూడు ఓడలు కూడా వచ్చి ఉన్నప్పుడు తిరుగు దారిలో రద్దీ తప్పదు కనుక, 45 నిమిషాలు పెట్టుకోవాలి. అంటే 2:45కు టాక్సీలో కూర్చోవాలి. కూర్చోవాలంటే 2:15కే నీళ్లలోంచి బయటికి వచ్చి, ఒళ్లు కడుక్కుని, బిల్లు కట్టి, పిల్లల చెప్పులు వెతుక్కోవాలి. చెప్పులు వెతకడానికి పట్టే సమయాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు గాని, నలుగురున్న కుటుంబానికి అది పది నిమిషాల పని. ఉదయం 9:30కి ఇసుక మీద కాలు పెట్టగలిగితే 4 గంటల 45 నిమిషాలు మీవి. అందువల్ల ఒక్క రోజులో రెండు బీచ్‌లు చూడాలన్న ఆలోచనను నేను ఎవరికీ సలహాగా చెప్పను. రెండో బీచ్ పేరుతో పోయేది ముప్పావు గంట కారులోనూ, అరగంట కుర్చీలు వెతకడంలోనూ.

ఈ లెక్కంతా ఏ గడియారం ప్రకారమన్నది ఇంకా ముఖ్యమైన విషయం. ఓడకు తనదైన సమయం ఉంటుంది. ఒడ్డున ఉన్న సమయం దానికి భిన్నంగా ఉండవచ్చు. కొజుమెల్ ఉన్న కింటానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయాన్ని పాటిస్తోంది, వేసవిలో గడియారాన్ని ముందుకు జరపదు. ఓడలు బయలుదేరే అమెరికా రేవు మయామీలో మార్చి నుంచి నవంబరు దాకా గంట ముందుకు జరిపి ఉంటుంది. కాబట్టి ఆ నెలల్లో మయామీ సమయం మీదే నడిచే ఓడలో 4 గంటలైతే కొజుమెల్ వీధిలో 3 గంటలే. తూర్పు కరీబియన్‌లో ఇది తలకిందులవుతుంది: సెయింట్ థామస్, సెయింట్ మార్టిన్, బార్బడోస్ దీవులు చలికాలంలో మయామీ కంటే గంట ముందుంటాయి, వేసవిలో రెండూ కలిసిపోతాయి. కొన్ని ఓడలు స్థానిక సమయానికి గడియారం మారుస్తాయి, కొన్ని మార్చవు. ముందు రోజు రాత్రి గదికి వచ్చే ఓడ దినపత్రికలో (మరుసటి రోజు కార్యక్రమాల కాగితంలో) గాని, ఓడ యాప్‌లో గాని ఈ సంగతి స్పష్టంగా ఉంటుంది.

ఒక జూలైలో కొజుమెల్ బీచ్‌లో నా ఫోన్ 2:40 చూపిస్తుండగా, ఇంకో అరగంట ఈదవచ్చని మా ఆవిడతో అంటున్నాను. పక్క కుర్చీల్లోని దంపతులు సంచి సర్దుకుంటున్నారు. ఆయన మణికట్టు మీది ముళ్ల గడియారంలో 3:40 అయింది. వారి మెడలో వేలాడుతున్న కార్డు మా ఓడదే. నా ఫోన్ ఒడ్డున ఉన్న టవర్‌ను పట్టుకుని, నాకు చెప్పకుండానే గంట వెనక్కి జరిగిందన్న మాట. 4:30కి మూసే ద్వారం గుండా మేము 4:20కి లోపలికి వెళ్లాం, కాళ్లకు ఇసుకతోనే. అప్పటి నుంచి ఓడ దిగే ముందు ఫోన్‌లో సమయం దానంతట అదే మారే ఏర్పాటును ఆపివేస్తున్నాను, ఓడ సమయానికి పెట్టిన ఒక చవక చేతి గడియారాన్ని కూడా కట్టుకుంటున్నాను. ఓడలో ఉన్నంతసేపూ ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచడం మరో కారణానికీ అవసరం: నడిసముద్రంలో ఓడ సొంత మొబైల్ నెట్‌వర్క్‌కు ఫోన్ కలిసిందంటే వచ్చే రోమింగ్ బిల్లు మామూలుగా ఉండదు.

## గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి తీరాన్ని ఎంచుకోవాలి

కరీబియన్‌లో ఏడాదిలో ఎక్కువ కాలం తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి. అందుచేత దీవుల తూర్పు తీరాలను అలలు బలంగా కొడతాయి, గాలి మరుగున ఉన్న పడమటి తీరాల్లో నీరు చెరువులా నిలకడగా ఉంటుంది. పెద్ద ఓడల రేవులు చాలావరకు పడమటి వైపే ఉండడానికి కారణం కూడా ఇదే. కొజుమెల్‌లో సాన్ మిగెల్, గ్రాండ్ కేమన్‌లో జార్జ్‌టౌన్, డొమినికాలో రోసో, బొనేర్‌లో క్రాలెండైక్, ఇవన్నీ పడమటి ఒడ్డున ఉన్నవే. దీనివల్ల ప్రయాణికుడికి కలిగే సౌకర్యం ఏమిటంటే, ఈతకు అనువైన నీరు సాధారణంగా రేవుకు దగ్గర్లోనే దొరుకుతుంది. కొజుమెల్‌లో జీపు అద్దెకు తీసుకుని తూర్పు తీరానికి వెళ్లేవారు ఉంటారు. ఆ తీరం కళ్లకు చాలా బాగుంటుంది, కాని పిల్లలను నీళ్లలోకి దింపే చోటు కాదు.

తూర్పు తీరాలతో మరో చిక్కు సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు. 2011 నుంచి ఇది అట్లాంటిక్ మీదుగా భారీగా కొట్టుకువచ్చి, దాదాపు మార్చి నుంచి అక్టోబరు దాకా గాలికి ఎదురుగా ఉన్న ఒడ్డులను కప్పేస్తోంది. తాజాగా వచ్చినప్పుడు కాళ్లకు చుట్టుకునే చెత్త మాత్రమే. ఎండలో రెండు రోజులు కుళ్లిందంటే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెలువడి, చెడిపోయిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. ఉబ్బసం ఉన్నవారు అటువంటి తీరంలో కూర్చోకపోవడమే మంచిది. మెక్సికోలోని కోస్టా మాయా రేవు, దాని పక్కనున్న మహావాల్ గ్రామం తూర్పు ముఖంగా ఉన్నాయి కాబట్టి వేసవిలో అక్కడ ఈ ఇబ్బంది ఎక్కువ. అక్కడి బీచ్ క్లబ్‌కు ముందే డబ్బు కట్టాలనుకుంటే, రద్దు చేసుకుంటే తిరిగి ఇస్తారో లేదో కనుక్కుని, ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందటి ఫోటోలు చూసి నిర్ణయించుకోవాలి. చలికాలంలో మాత్రం పడమటి తీరాలకూ పరీక్ష తప్పదు. ఉత్తర అమెరికా నుంచి చలిగాలులు దిగి వచ్చినప్పుడు గ్రాండ్ కేమన్ పడమటి ఒడ్డున అలలు లేస్తాయి, అప్పుడు ఓడలు దక్షిణ తీరంలోని స్పాట్స్ దగ్గర ప్రయాణికులను దింపుతాయి, లేదా ఆ రేవునే వదిలేసి వెళ్లిపోతాయి. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ల కాలం. అప్పుడు పట్టికలోని రేవే మారిపోవచ్చు.

రేవును బట్టి చెప్పాలంటే, టాక్సీ అవసరమే లేని చోటు గ్రాండ్ టర్క్. ఓడ ఆగే వంతెన పక్కనే ఇసుక తీరం ఉంది, దిగి పది నిమిషాల్లో నీళ్లలో ఉండవచ్చు. బహమాస్ రాజధాని నసావులో జంకనూ బీచ్ రేవు నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉంది గాని, నాలుగు ఓడలు వచ్చిన రోజున అక్కడ తువాలు పరచుకునే చోటు దొరకదు. సెయింట్ మార్టిన్‌లో ఫిలిప్స్‌బర్గ్ ఊరే గ్రేట్ బే బీచ్ ఒడ్డున ఉంది. రేవు నుంచి నడవవచ్చు, లేదా నీటి టాక్సీలో వెళ్లవచ్చు. సెయింట్ థామస్‌లో మేగెన్స్ బే దీవికి ఉత్తరాన, కొండ దాటి అవతల ఉంది. ప్రవేశ రుసుము కట్టాలి, దారి మలుపులు తిరిగేది కాబట్టి కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు ముందు సీట్లో కూర్చోవాలి. బార్బడోస్‌లో బ్రిడ్జ్‌టౌన్ పక్కనే ఉన్న కార్లైల్ బేలో మునిగిన పాత ఓడల మీదుగా ఈదవచ్చు, తాబేళ్లు కనిపిస్తాయి. అరూబాలో ఈగిల్ బీచ్, పామ్ బీచ్ వెడల్పైన తెల్లని ఇసుకకు పేరుపొందినవి, ఒరాన్యెస్టాడ్ నుంచి బస్సులోనే వెళ్లవచ్చు. బెలీజ్ నగరం దగ్గర మాత్రం సముద్రం లోతు తక్కువ కనుక ఓడ చాలా దూరాన లంగరు వేస్తుంది, నగరంలో చెప్పుకోదగ్గ బీచ్ కూడా లేదు. అక్కడ ఇసుక కావాలంటే పడవ మీద చిన్న దీవులకు వెళ్లాలి. ఆ ఒక్క రేవులో ఓడవాళ్ల టూర్ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం.

సెయింట్ మార్టిన్‌లో మాహో బీచ్ గురించి వేరుగా చెప్పాలి. ప్రిన్సెస్ జూలియానా విమానాశ్రయపు రన్‌వే ఆ ఇసుక చివరనే మొదలవుతుంది. విమానాలు తలల మీదుగా దిగుతాయి. దిగే విమానాన్ని చూడడంలో ప్రమాదం తక్కువే. ఎగిరే విమానపు ఇంజిన్ల గాలికి ఎదురుగా కంచె పట్టుకుని నిలబడడం వేరు: 2017లో ఆ గాలి తోసివేయగా పడిన దెబ్బలకు ఒక పర్యాటకురాలు మరణించారు. హెచ్చరిక బోర్డులు ఉన్నా కంచె దగ్గర జనం గుమిగూడుతూనే ఉంటారు.

బహమాస్‌లో క్రూయిజ్ కంపెనీల సొంత తీరాలు ఉన్నాయి: రాయల్ కరీబియన్‌కు కోకోకే, డిస్నీకి కాస్ట్‌అవే కే, నార్వేజియన్‌కు గ్రేట్ స్టిరప్ కే, ఎంఎస్‌సీకి ఓషన్ కే. ఇటువంటి చోట టాక్సీ బేరాలు లేవు, గడియారం తేడా లేదు, భోజనం సాధారణంగా టికెట్‌లోనే కలిసి ఉంటుంది. అక్కడ దేశమంటూ ఏదీ కనిపించదన్నది నిజమే. ఓడలోని భోజనశాలను ఇసుక మీదికి తెచ్చినట్టు ఉంటుంది. కాని మూడేళ్ల పిల్లవాడితోనో, మోకాళ్ల నొప్పులున్న అమ్మతోనో వెళ్లేవారికి అదే వరం.

మిగతా రేవుల్లో ఉచిత బీచ్‌కు వెళ్లాలా, రోజు పాస్ కొనాలా అన్నది తేల్చుకోవాలి. మెక్సికోలో తీరం చట్టరీత్యా ప్రజలది. బార్బడోస్‌లోనూ, అమెరికన్ వర్జిన్ దీవుల్లోనూ అంతే. అయితే ఇసుక ప్రజలదైనా దాని మీది కుర్చీ, గొడుగు, వెనకనున్న మరుగుదొడ్డి ఎవరో ఒకరివి. కొజుమెల్ నైరుతి తీరం వెంట వరుసగా ఉన్న బీచ్ క్లబ్బుల్లో పాస్ తీసుకుంటే నీడ, మంచినీళ్ల స్నానం, మరుగుదొడ్డి, చాలాసార్లు భోజనం కూడా దొరుకుతాయి. ఇద్దరే అయితే ఉచిత తీరం చాలు, పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్తే పాస్ డబ్బు దండగ కాదు.

## టెండర్ ఉన్న రేవులు

లోతు చాలని చోట, లేదా పెద్ద ఓడ ఆనే వంతెన లేని చోట ఓడ దూరంగా లంగరు వేసి, టెండర్ అనే చిన్న పడవల్లో ప్రయాణికులను ఒడ్డుకు చేరుస్తుంది. గ్రాండ్ కేమన్, బెలీజ్ ఇటువంటివి. ఉదయం టెండర్ ఎక్కడానికి సంఖ్య వేసిన చీటీ తీసుకోవాలి. తొలి పడవల్లో వెళ్లాలంటే అల్పాహారం త్వరగా ముగించి చీటీ పంచే చోటికి చేరాలి. ఓడ సొంత టూర్ తీసుకున్నవారిని ముందు పంపుతారు. సాయంత్రం వరస ఇంకా పొడవుగా ఉంటుంది, ఎందుకంటే ఉదయం మూడు గంటల పాటు విడతలుగా దిగినవారంతా చివరి గంటలో ఒక్కసారిగా తిరిగి వస్తారు. జార్జ్‌టౌన్‌లో ఎర్రటి ఎండలో, తడి బట్టలతో, ముప్పావు గంట నిలబడడం అసాధారణం కాదు. ఇక్కడ పాటించవలసింది ఓడ కదిలే సమయాన్ని కాదు, చివరి టెండర్ సమయాన్ని. రెండింటి మధ్య గంట దాకా తేడా ఉండవచ్చు.

## టాక్సీ ఎక్కే ముందు మూడు ప్రశ్నలు

చాలా దీవుల్లో టాక్సీలకు మీటర్ ఉండదు. చోటును బట్టి ప్రభుత్వం గాని సంఘం గాని నిర్ణయించిన రేటు ఉంటుంది, దాని బోర్డు రేవు గేటు దగ్గరే తగిలించి ఉంటుంది. ఎక్కే ముందు మూడు సంగతులు నోటితో అడిగి తేల్చుకోవాలి. చెప్పిన మొత్తం మనిషికా, బండి మొత్తానికా? ఒక వైపుకా, రాను పోనూనా? ఏ డాలర్లలో? ఈ మూడో ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. యాంటిగా, సెయింట్ లూసియా, గ్రెనడా వంటి దీవుల్లో నడిచే తూర్పు కరీబియన్ డాలర్‌కు 1976 నుంచి స్థిరమైన మారకపు రేటు ఉంది: ఒక అమెరికన్ డాలర్‌కు 2.70. డ్రైవర్ "నలభై డాలర్లు" అన్నప్పుడు అది అమెరికన్ డాలర్లయితే నలభయ్యే, స్థానిక డాలర్లయితే పదిహేను లోపే. బార్బడోస్‌లో రెండు స్థానిక డాలర్లు ఒక అమెరికన్ డాలర్‌కు సమానం. బహమాస్‌లో రెండూ సమానం. కేమన్‌లో మాత్రం లెక్క ఎదురు తిరుగుతుంది, అక్కడి డాలర్ విలువ 1.20 అమెరికన్ డాలర్లు. కాబట్టి మెనూలో 10 అని చూసి ఆర్డర్ చేసిన వంటకానికి కనీసం 12 అమెరికన్ డాలర్లు కట్టవలసి వస్తుంది.

తిరుగు ప్రయాణానికి అదే డ్రైవర్‌ను రమ్మని చెప్పడం మంచి అలవాటే, కాని డబ్బు ముందుగా ఇవ్వకూడదు. మళ్లీ ఎక్కించుకున్న తరువాతే రెండు వైపులదీ కలిపి ఇస్తానని మర్యాదగా చెబితే ఎవరూ కాదనరు. అమెరికన్ డాలర్లు దాదాపు అన్ని రేవుల్లోనూ తీసుకుంటారు. ఒకటి, ఐదు, పది నోట్లు ఉండాలి. ఇరవై నోటుకు చిల్లర స్థానిక నాణేల్లో వస్తుంది, వాటిని మరుసటి దీవిలో ఎవరూ ముట్టుకోరు. రోడ్డు దాటేటప్పుడు ఒక్క జాగ్రత్త: కేమన్, బార్బడోస్, జమైకా, బహమాస్, అమెరికన్ వర్జిన్ దీవుల్లో బండ్లు ఎడమ వైపున నడుస్తాయి. భారతదేశం నుంచి వచ్చినవారికి ఇది సొంత ఊరిలాగే ఉంటుంది గాని, అమెరికాలో ఏళ్లుగా ఉన్నవారి కళ్లు అలవాటుగా తప్పు దిక్కుకే చూస్తాయి.

## సంచిలో ఏముండాలి

ఓడ కార్డు, ప్రభుత్వ ఫోటో గుర్తింపు కార్డు, కొద్దిగా చిల్లర, ఒక్క క్రెడిట్ కార్డు. నగలు, మిగిలిన కార్డులు గదిలోని లాకర్‌లోనే ఉండాలి. నీళ్లలో ఉన్నంతసేపూ సంచి ఒడ్డున ఒంటరిగా పడి ఉంటుందన్నది గుర్తుంచుకుని సర్దుకుంటే ఏది తీసుకెళ్లాలో దానంతట అదే తేలిపోతుంది. ఫోన్, డబ్బు, కార్డు పట్టే చిన్న జలనిరోధక సంచిని మెడలో వేసుకుని ఈదడం అన్నిటికన్నా సుఖం. తువాళ్లు ఓడవాళ్లే ఇస్తారు; అవి మీ కార్డు మీద రాసుకుని ఇచ్చేవి కనుక తిరిగి ఇవ్వకపోతే బిల్లులో పడతాయి.

ఆహారం విషయంలో నియమాలు కఠినంగా ఉంటాయి. పండ్లు, వండిన పదార్థాలు, మాంసం ఒడ్డుకు తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర కుక్కలతో వాసన చూపించే రేవులు కూడా ఉన్నాయి. మూత తీయని నీళ్ల సీసాలు, కర్మాగారంలో సీలు వేసిన బిస్కెట్లు, వేరుశనగల వంటివాటికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. అల్పాహారపు బఫే నుంచి అరటిపండు సంచిలో వేసుకోవడం చాలామందికి అలవాటు. ఆ పండును ఓడ దిగకముందే తినేయాలి.

సన్‌స్క్రీన్ సీసా వెనక పదార్థాల పట్టిక చదవడం ఇక్కడ చట్టానికి సంబంధించిన పని. పగడపు దిబ్బలకు హాని చేస్తాయన్న కారణంగా ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌లను అమెరికన్ వర్జిన్ దీవులు 2020లో నిషేధించాయి; అరూబా, బొనేర్ కూడా ఆ దారిలోనే నడిచాయి. జింక్ ఆక్సైడ్ ఉన్నవి తెచ్చుకుంటే ఎక్కడా ఇబ్బంది రాదు. ముఖం కాసేపు విభూతి పూసినట్టు తెల్లగా ఉంటుంది, అంతే. బట్టల విషయంలో ఊహించని నియమం ఒకటుంది: సైనికుల దుస్తుల్లాంటి ఆకుపచ్చ మచ్చల గుడ్డను బార్బడోస్, జమైకా, సెయింట్ లూసియా, యాంటిగా వంటి దేశాల్లో పౌరులు ధరించడం చట్టవిరుద్ధం. పిల్లల నిక్కర్లకు, టోపీలకు కూడా ఇది వర్తిస్తుంది. ఈత దుస్తులతోనే ఊళ్లో తిరగడం కూడా ఈ దీవుల్లో మర్యాద కాదు; పైన ఒక చొక్కా వేసుకుని దుకాణంలోకి వెళ్లాలి, లోపలికి అడుగుపెట్టగానే "గుడ్ మార్నింగ్" అనాలి. ఆ పలకరింపు లేకుండా నేరుగా ధర అడిగితే జవాబు పొడిగా వస్తుంది.

## ఇసుక మీద

ముందుగా నీడ చూసుకోవాలి. ఈ దీవులు ఉష్ణమండలంలో ఉన్నాయి. వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, నిలువు మనిషి నీడ కాళ్ల కిందికి చేరుతుంది. సముద్రపు గాలి చల్లగా తగులుతూ ఉండడంతో చర్మం కాలుతున్న సంగతి తెలియదు, ఆ రాత్రి దుప్పటి తగిలినప్పుడే తెలుస్తుంది. నల్లని చర్మానికి ఎండ దెబ్బ తగలదన్న నమ్మకంతో మనవారు సన్‌స్క్రీన్ వదిలేస్తారు. మంట ఆలస్యంగా కనిపిస్తుందే గాని రాకుండా ఉండదు. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే శక్తిని చెప్పే అంకె) 30 గాని అంతకన్నా ఎక్కువ గాని ఉన్నదాన్ని ఓడలోనే, బట్టలు వేసుకోకముందే రాసుకుని, రెండు గంటలకొకసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి. స్నార్కెల్ చేసేవారికి, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటిలోకి ముఖం పెట్టి ఈదేవారికి, వీపు, మోకాళ్ల వెనక భాగం మాడిపోతాయి కనుక పొడుగు చేతుల ఈత చొక్కా ఉత్తమం.

నీడ కోసం ఏ చెట్టు కిందికైనా వెళ్లవచ్చనుకోకూడదు. కరీబియన్ తీరాల్లో మాంచినీల్ అనే చెట్టు పెరుగుతుంది. ఆకులు నిగనిగలాడుతూ పచ్చగా ఉంటాయి, కాయలు రేగుపండు కంటే కాస్త పెద్దగా, పచ్చని ఆపిల్ పిందెల్లా ఇసుక మీద రాలి ఉంటాయి, తియ్యటి వాసన కూడా వేస్తాయి. దాని పాలు చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి, కంట్లో పడితే కొంతసేపు చూపే పోవచ్చు, కాయ కొరికితే నోరు, గొంతు వాచిపోతాయి. వాన పడుతున్నప్పుడు ఆ చెట్టు కింద నిలబడినా ఆకుల మీదుగా కారే నీటిలో ఆ పాలు కలిసి ఒళ్లు కాలుతుంది. స్పానిష్ వారు దీన్ని చావు ఆపిల్ అని పిలిచారు. కొన్ని దీవుల్లో కాండం చుట్టూ ఎర్ర రంగు పట్టీ వేస్తారు, కొన్ని చోట్ల బోర్డు పెడతారు, కొన్ని చోట్ల ఏమీ ఉండదు. కింద పడ్డ కాయను ఏరుకోవడం పిల్లల సహజ గుణం కాబట్టి, ఇసుక మీద చాప పరచకముందే చెట్టు మొదలు వైపు ఒకసారి చూడాలి.

నీళ్లలోకి దిగే ముందు జెండా ఏ రంగులో ఉందో చూడాలి. పచ్చజెండా ఉంటే నీరు ప్రశాంతం, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే ప్రమాదం, రెండు ఎర్రజెండాలుంటే నీళ్లలోకి దిగడమే నిషిద్ధం. ఊదా రంగు కనిపిస్తే జెల్లీఫిష్ వంటివి ఉన్నాయని అర్థం. చాలా తీరాల్లో రక్షకులు ఉండరు, జెండాలూ ఉండవు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీది అలసిపోకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ లాగుడు తగ్గిన తరువాత వెనక్కి రావాలి. రాళ్లున్న చోట నల్లని పొడవాటి ముళ్లతో సీ అర్చిన్‌లు ఉంటాయి. రబ్బరు అడుగున్న నీటి చెప్పులు లేకుండా అక్కడ కాలు మోపకూడదు. ఈత దుస్తుల కింద దురద, ఎర్రని పొక్కులు మొదలైతే అది కంటికి కనిపించని జెల్లీఫిష్ పిల్లల పని కావచ్చు. ఆ దుస్తులు విప్పిన తరువాతే మంచినీళ్లతో కడుక్కోవాలి, వాటితోనే షవర్ కింద నిలబడితే మంట పెరుగుతుంది. కొజుమెల్‌లోని ఎల్ సియెలో, గ్రాండ్ కేమన్‌లోని స్టార్‌ఫిష్ పాయింట్ దగ్గర నడుం లోతు నీటిలో నక్షత్ర చేపలు కనిపిస్తాయి. ఫోటో కోసం వాటిని నీటిలోంచి పైకి తీస్తే వాటి ప్రాణానికే ముప్పు. కెమెరానే నీటిలోకి దించాలి.

భోజనం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. శాకాహారులు ఓడలో అల్పాహారం గట్టిగా తిని వెళ్లాలి. మెక్సికో తీరంలో అవకాడో పచ్చడి లాంటి గ్వాకమోలే, బీన్స్, టోర్టియాలతో కడుపు నిండుతుంది, కాని బీన్స్‌లో పంది కొవ్వు వేయడం అక్కడ మామూలే కనుక అడిగి తీసుకోవాలి. జమైకాలో రాస్తఫారీ మతస్థుల ఐటల్ వంట సాధారణంగా శాకాహారమే. ఎండలో మద్యం తాగి ఈతకు దిగడం మాత్రం ఏ దీవిలోనైనా ఒక్కటే తప్పు.

## తిరిగి ఎక్కేటప్పుడు

బీచ్‌లోని షవర్ దగ్గరే కాళ్లు, సంచి అడుగు శుభ్రంగా కడుక్కోవాలి. ఓడ గదిలోని చిన్న స్నానాల గదిలో ఇసుక చేరిందంటే ప్రయాణం ముగిసేదాకా పాదాలకు గుచ్చుకుంటూనే ఉంటుంది. ఓడ ద్వారం దగ్గర సంచులను యంత్రంలో తనిఖీ చేస్తారు. ఒడ్డున కొన్న మద్యం సీసాను తీసుకుని దాచి, చివరి రాత్రి ఇస్తారు. పగడం ముక్కలు, ఇసుక, మొక్కలు వెంట తేకూడదు. పెద్ద గులాబీ నోరున్న క్వీన్ కాంక్ శంఖం అంతర్జాతీయ నియంత్రణలో ఉన్న జీవిది. దుకాణదారు పర్వాలేదన్నా, కస్టమ్స్ వారి మాటే చెల్లుతుంది.

ఓడవాళ్లు అమ్మిన టూర్‌లో వెళ్లినవారు ఆలస్యమైతే ఓడ వారి కోసం ఆగుతుంది, లేదా తరువాతి రేవుకు చేర్చే బాధ్యత తీసుకుంటుంది. సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. అటువంటి పరిస్థితి వస్తే రేవులోనే ఉండే ఓడ ప్రతినిధిని, అంటే పోర్ట్ ఏజెంట్‌ను కలవాలి. ఆయన ఫోన్ నంబర్ ఓడ దినపత్రికలో ఉంటుంది, ఉదయం దిగేటప్పుడే దాన్ని ఫోటో తీసుకోవాలి. తరువాతి రేవుకు విమానం టికెట్, ఆ రాత్రి హోటల్ మీ ఖర్చే. ఇక్కడే పాస్‌పోర్ట్ విలువ తెలుస్తుంది. అమెరికాలో బయలుదేరి తిరిగి అదే రేవుకు వచ్చే క్రూయిజ్‌లలో అమెరికా పౌరులు జనన ధ్రువపత్రంతో ఎక్కవచ్చు కనుక, అక్కడ పుట్టిన పిల్లలకు పాస్‌పోర్ట్ తీయకుండానే తీసుకువచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. ఓడ తప్పిన కుటుంబం పరాయి దీవి నుంచి విమానం ఎక్కాలంటే ఆ కాగితం చాలదు. భారత పాస్‌పోర్ట్ ఉన్నవారు దారిలోని ప్రతి దేశానికీ వీసా నియమాలను టికెట్ కొనకముందే చూసుకోవాలి. దిగే ముందు పాస్‌పోర్ట్ మొదటి పేజీని, వీసాను ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోవాలి. అసలు పాస్‌పోర్ట్‌ను గది లాకర్‌లో ఉంచి వెళ్లేవారు అది ఎక్కడుందో ఏజెంట్‌కు వెంటనే ఫోన్‌లో చెబితే, ఓడ ఇంకా తాడు విప్పకముందైతే దాన్ని ఒడ్డుకు పంపే వీలుంటుంది.